నాలుగు రాత్రుల కార్డు

ఫిబ్రవరి 6

ప్రెస్‌లో భోజనాల వేళ రాస్తున్నాను. నిన్న బస్టాండులో ఒకమ్మాయి చేతిలో పెట్టిన కరపత్రం ఇంకా జేబులోనే ఉంది. హోటల్ వాళ్ల క్రెడిట్ కార్డు. చేరితే ఎనభై వేల పాయింట్లు బోనస్. ముందువైపు నీలంగా ఈతకొలను, తెల్ల దుప్పటి పరిచిన మంచం. వెనకవైపు షరతులు.

ముందువైపు నేను చూడను. పదహారేళ్లుగా వెనకవైపు చదవడమే నా ఉద్యోగం. మందు డబ్బాలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది చూడండి, అందరూ విప్పకుండానే పారేసేది, దాన్ని అచ్చుకు ముందు అక్షరం అక్షరం చదివేది నేను. (చూడండి అని ఎవరికి రాశాను? ఈ డైరీ చదివేదీ నేనే.) చీమ తలకాయంత అక్షరాలు నాకు గోడమీద రాతల్లా కనిపిస్తాయి.

ఊరికే చదివాను. తీసుకునే ఉద్దేశం లేదు.

ఫిబ్రవరి 7

తీసుకునే ఉద్దేశం లేదు గానీ అందులో ఒక తప్పుంది. ‘ఉచిత రాత్రులు’ అన్నచోట చుక్క గుర్తు పెట్టారు. ఆ చుక్కకు కింద ఎక్కడా వివరణ లేదు. ఫోన్ చేసి చెప్పాను. అవతలి అమ్మాయి అంతా విని, “అయితే కార్డు తీసుకుంటున్నారా సార్?” అంది. చుక్క సంగతి అడిగితే కార్డు సంగతి చెబుతుంది. పెట్టేశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇల్లు ఊడ్చాను. ఇంకేం పని లేక, ఈ కార్డు గోల ఏదో తేల్చేద్దామని కాగితం ముందేసుకున్నాను.

మూడు నెలల్లో నా నాలుగు నెలల జీతమంత ఆ కార్డు మీద ఖర్చు చేయాలి. చేస్తే బోనస్. ఆ పాయింట్లు ఆ కంపెనీ హోటళ్లలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. రాత్రికి ఇరవై వేలు, అంటే నాలుగు రాత్రులు. ఏడాది రుసుము వేరే. సెలవుల రోజుల్లో పాయింట్లు ఎక్కువ లాగుతారు, ఆ ముక్క మాత్రం చివరి పేరాలో దాచారు. ఊరూరా తిరిగే వ్యాపారస్తుడికి ఇది పనికొస్తుందేమో. ఇంట్లోంచి ప్రెస్‌కి, ప్రెస్‌లోంచి ఇంటికి తప్ప కదలని నాలాంటివాడికి దండగ. తేలిపోయింది.

అయితే ఆ కంపెనీ హోటల్ ఒకటి వాళ్ల ఊళ్లో ఉంది.

వాళ్ల ఊరు అని రాశాను. నా భార్యా కూతురూ ఉండే ఊరు వాళ్ల ఊరెప్పుడయిందో నాకే తెలియదు. రెండేళ్లు. అక్కడి పెద్దాసుపత్రిలో చెవుల పరీక్ష విభాగానికి ఆమెను హెడ్‌గా వేశారు. చప్పుడు చొరబడని గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడితే బటన్ నొక్కమంటుంది. బస్సులో ఏడు గంటలు. రెండు నెలలకోసారి నేను వెళ్తాను.

వెళ్తే ఏముంది? ఒక పడగ్గది ఇల్లు. గదిలో ఆమె, పాప. హాల్లో మడత పరుపు మీద నేను. పొద్దున్నే నా కాళ్లు దాటుకుంటూ వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, “టీ తాగుతారా?” అని అడుగుతుంది. పదిహేనేళ్ల మొగుణ్ని టీ తాగుతారా అని అడుగుతారా ఎవరైనా? చుట్టాన్ని అడుగుతారు. తువ్వాలు కూడా బీరువాలోంచి తీసిన మడతది ఇస్తుంది. వాళ్లు వాడుకునేవి దండెం మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకటి నీలం, ఒకటి పసుపు.

ఆ హోటల్ నేను దిగే బస్టాపుకి ఎదురుగానే ఉంటుంది. ఏడంతస్తులు. హోటల్లో అయితే ఇద్దరం చుట్టాలమే. ఎవరి ఇల్లూ కాదు. టీ ఎవరో తెస్తారు. తాగుతావా అని ఒకరినొకరు అడుక్కోనక్కర్లేదు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితమట. పాపకి పదమూడు. అదనంగా మంచం వేయించుకోవాలి. లేకపోతే పాప ఒకటి రెండు రాత్రులు ఇంట్లోనే పడుకోవచ్చు, ఎదురింటావిడ తోడుంటుంది.

ఇలా రాసినందుకు సిగ్గేసింది. అయినా కొట్టెయ్యను. తప్పులు దిద్దడం నా పని, ఇది తప్పు కాదు.

ఫిబ్రవరి 12

మెషిన్ మాస్టారికి కరపత్రం చూపించాను. అచ్చు యంత్రం నడిపే మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. సిరా చేతులతో ముట్టుకోకుండా దూరం నుంచే చూశాడు.

“బాగుందంటే తీసుకో, లేదంటే మానెయ్. వారం రోజులుగా దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నావ్.”

“చూస్తున్నాను మాస్టారూ. షరతులు చదవాలి కదా.”

“నువ్వు కోడిగుడ్డు మీద ఈకలు పీకేరకం. అంతగా మీ ఆవిడని చూడాలనుంటే బస్సెక్కి పోరాదూ? దానికి పాయింట్లు దేనికి?”

నేను ఆమె గురించి ఒక్క మాట కూడా అనలేదు. హోటల్ గురించే అన్నాను. ఈయనకి అన్నీ కావాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆదివారాలు పదకొండింటికి ఫోన్. పాప మూడు నిమిషాలు, ఆమె పది నిమిషాలు. ఇవాళ హోటల్ సంగతి ఎత్తాను. ఏదో కాగితంలో చదివినట్టు, మామూలుగా.

“మీ బస్టాపు ఎదురుగా హోటలుందే, అందులో నాలుగు రోజులు ఉచితంగా ఉండే వీలుందట. కార్డు తీసుకుంటే. మనందరం. పాపకి ఈత కూడా.”

వెనక కుక్కర్ కూత వినిపించింది.

“ఈ ఊళ్లోనే ఇల్లు పెట్టుకుని హోటల్లో ఉండడమా?” అంది.

“ఊరికే. మార్పుగా ఉంటుందని.”

“చూద్దాం,” అంది.

చూద్దాం అంది!

మా ఇంట్లో ఆ మాట బంగారం. నాన్న నోట అవునన్న మాట నేనెప్పుడూ వినలేదు. సైకిల్ కావాలంటే చూద్దాం అన్నాడు, నెల తిరక్కుండా సైకిలొచ్చింది. అక్కయ్యని పై చదువుకి పంపమంటే చూద్దాం అన్నాడు, పంపాడు. ముందే అవునంటే పిల్లలు నెత్తికెక్కుతారని ఆయన భయం. ఆయన చూద్దాం అన్నాడంటే అప్పటికే ఎక్కడో బేరం మొదలైపోయినట్టు. నేనూ అక్కయ్యా ఆ మాట వింటే పెరట్లోకి పరిగెత్తి గెంతేవాళ్లం.

ఇవాళ గెంతలేదు గానీ దరఖాస్తు నింపాను.

ఫిబ్రవరి 20

మంజూరైందని మెసేజ్. కార్డు ఇంకా రాలేదు.

ఫిబ్రవరి 27

రాలేదు.

మార్చి 3

వచ్చింది. ముదురు నీలం, అంచున బంగారు గీత, మధ్యలో నా పేరు, ఒక అక్షరం కూడా తప్పు పోకుండా. అది మెచ్చుకోవాలి.

మూడు నెలలు కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాదట, మంజూరైన రోజు నుంచట. పద్నాలుగో షరతు. పదకొండు రోజులు అప్పుడే పోయాయి. మామూలు మనిషైతే జూన్ మూడుదాకా ఉందిలే అనుకుని మోసపోయేవాడు. నేను పోను. మే ఇరవై.

మార్చి 8

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎడమవైపు రెండు పళ్లు మూడేళ్లుగా నొప్పి. రెండిటికీ లోపల శుభ్రం చేసి పైన తొడుగులు వేస్తాడట. నాలుగు సార్లు రావాలి. “ఇన్నాళ్లెందుకు ఊరుకున్నారు?” అన్నాడు. నోట్లో గొట్టాలుంటే ఏం చెప్తాను? కార్డు గీశాను.

మార్చి 12

ఫ్రిజ్ మార్చాను. పాతది బాగానే ఉంది. కొత్తది పెద్దది, ముగ్గురికి సరిపోతుంది.

మార్చి 16, ఆదివారం

పాప వచ్చే ఏడాది ఫీజు నేను కట్టేస్తాను, బడివాళ్ల లింకు పంపమన్నాను. పెద్ద మొత్తం. దాంతో సగం పని అయిపోతుంది.

“ఫీజు కట్టేశానండీ. పోయిన నెలే,” అంది.

“నాతో చెప్పలేదే?”

“చెప్పాలనే అనుకున్నాను. ముందే కడితే తగ్గింపు ఇస్తామన్నారు, కట్టేశాం.”

కట్టేశాం. ఎవరు? ఆమె, పాప. నాకు తెలియకుండా వాళ్లిద్దరూ కూర్చుని ఏదో అనుకుని, బడికి వెళ్లి, కట్టి, రసీదు తెచ్చుకున్నారు. అందులో తప్పేం లేదు. తగ్గింపు ఎవరికి చేదు?

హోటల్‌కి రోజులు ఎప్పుడు అనుకుందాం అని అడిగాను. పరీక్షలు కానీండి చూద్దాం అంది. ఇది రెండోసారి.

మార్చి 23, ఆదివారం

ఫోన్ లేదు. ఆసుపత్రిలో వినికిడి శిబిరమట. మెసేజ్ పెట్టింది.

మార్చి 30, ఆదివారం

పాప నాలుగు నిమిషాలు మాట్లాడింది. ‘పాప’ అంటే ఊరుకోవడం లేదు. స్నేహితురాళ్లు వింటారట. మరి ఏమని పిలవను అంటే, “పేరు పెట్టి పిలు నాన్నా, అందరూ అలాగే పిలుస్తారు,” అంది. నేను అందరిలో ఒకణ్నా అనబోయి ఊరుకున్నాను.

ఏప్రిల్ 4

ఇవాళ రక్తపోటు మందు కాగితం. రెండు వైపులా, ఆరు మడతలు. ఇలాంటివి ఒక్కడే చదవకూడదు. ఒకరు అసలు ప్రతి పట్టుకుని పైకి చదవాలి, రెండోవాళ్లు అచ్చు ప్రతిలో చూసుకోవాలి. ప్రెస్‌లో ఆ రెండో మనిషిని తీసేసి ఏళ్లయింది. అందుకని నేను చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదువుతాను. అర్థం తెలియకపోతే కన్ను ఎక్కడా జారదు.

పెళ్లయిన కొత్తలో ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవాణ్ని. ఆమె మంచం మీద బోర్లా పడుకుని చదివేది. “భోజనానికి ముందు కామా ఒక మాత్ర ఫుల్‌స్టాప్ బ్రాకెట్ మొదలు గర్భిణులు వాడరాదు బ్రాకెట్ ముగింపు.” కామాలకి ఒక గొంతు, బ్రాకెట్లకి ఒక గొంతు. దుష్ప్రభావాలు వచ్చేసరికి కావాలని జాలిగొంతు పెట్టేది. “తల తిరుగుట కామా నోరు ఎండుట కామా అకారణ దిగులు.” నవ్వలేక చచ్చేవాళ్లం. పాప పుట్టే ముందురోజు కూడా దగ్గుమందు చదివింది.

ఆమె గొంతు నాకు కావాలి. వారానికి పది నిమిషాలు కాదు. ఊరికే, ఇంట్లో, పక్కగదిలోంచి, దేనికో విసుక్కుంటూ ఉన్నా చాలు.

అకారణ దిగులు అన్నచోట ఇవాళ ‘దిగుటు’ అని పడింది. దిద్దాను.

ఏప్రిల్ 5

నిన్న రాసింది మళ్లీ చదవలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఈ నెల నేను వెళ్లాల్సింది. వెళ్లడం లేదు. ఇప్పుడు వెళ్తే మళ్లీ మడత పరుపే. మే నెలలో ఎలాగూ నాలుగు రోజులు ఉంటాం కదా అన్నాను. “సరే మీ ఇష్టం,” అంది. గొంతు మామూలుగానే ఉంది.

టార్గెట్‌లో ఇంకా మూడో వంతు మిగిలింది. ఓనర్‌తో మాట్లాడి ప్రెస్‌కి కావాల్సిన సిరా డబ్బాలు నా కార్డు మీద కొన్నాను. ఆయన నాకు తిరిగి ఇచ్చేస్తాడు. మెషిన్ మాస్టారు డబ్బాలు దింపించుకుంటూ, “మీ ఆవిడకి ఈ సిరా కథ చెప్పావా? నవ్వుతుంది,” అన్నాడు.

చెప్పలేదు. అన్నీ అయ్యాక చెబుతాను. ముందే చెబితే ఏముంటుంది?

ఏప్రిల్ 27, ఆదివారం

గది ఫొటో పంపాను. ఆరో అంతస్తు, పెద్ద కిటికీ. బొటనవేలు బొమ్మ పంపింది. అంటే బాగుందనే.

రోజులు మాత్రం ఇంకా చెప్పలేదు. బోనస్ పడ్డాక ఎలాగూ చెబుతుంది.

మే 9

బావమరిది వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది, ఇక్కడేదో భవనంలో రెండు రోజులు పనుండి దిగాడు. పొద్దున్నే కొత్త ఫ్రిజ్ తెరిచి చూసి, “ఏంటి బావగారూ, నీళ్ల సీసా ఒక్కటుంది. దీనికి కరెంటు దండగ,” అని నవ్వాడు.

టీ పెట్టిచ్చి హోటల్ కథంతా చెప్పాను. పద్నాలుగో షరతు, పళ్లు, సిరా. వాడు పగలబడి నవ్వుతూ విన్నాడు.

“అక్క ఒప్పుకుందా? అది హోటళ్లంటే ఆమడ దూరం పారిపోతుందే.”

“ఒప్పుకుంది. రెండుసార్లు.”

“సరే అందా? ఆ మాటే అందా?”

“చూద్దాం అంది.”

వాడు ఇంకా గట్టిగా నవ్వాడు. “అయితే గోవిందా! మా ఇంట్లో చూద్దాం అంటే ఇక ఆ సంగతి మర్చిపోవడమే బావగారూ. కుక్కపిల్ల కావాలని నేనూ అక్కా ఏడాదంతా ఏడ్చాం. అమ్మ కాదని ఒక్కసారి అనలేదు. చూద్దాం, చూద్దాం. అమ్మకి మొహమ్మీద కాదనడం చేతకాదు. అక్కకీ అంతే...”

మధ్యలో ఆగిపోయాడు. కప్పు కింద పెట్టాడు. వాడి నవ్వు ఎటు పోయిందో పోయింది.

“ఏంట్రా?” అన్నాను.

“ఏం లేదు.”

“చెప్పు.”

“అక్క ఈ ఊరు వదిలి వెళ్లేటప్పుడు మీరు కూడా అదే అన్నారు కదా బావగారూ. అక్క అమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. మూడుసార్లు అడిగానమ్మా, మీరూ వచ్చెయ్యండి అని, మూడుసార్లూ చూద్దాం అన్నారు, ఇంక అడగను, బతిమాలను అని. నేను అమ్మ పక్కనే ఉన్నాను.”

వాడు పనికి వెళ్లిపోయాడు. నేను ప్రెస్‌కి వెళ్లలేదు. పదహారేళ్లలో చెప్పాపెట్టకుండా మానడం ఇదే మొదలు.

మే 9, మధ్యాహ్నం

మూడుసార్లు. నాకూ గుర్తున్నాయి.

మొదటిసారి బట్టలు మడతపెడుతూ అడిగింది. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు. “మనందరం వెళ్దామండీ, మీరూ రండి.” చూద్దాం అన్నాను. లోపల గెంతాను కూడా. మర్నాడే ఆ ఊళ్లో రెండు ప్రెస్‌లకి ఉత్తరాలు రాశాను. ఆమెతో చెప్పలేదు. కుదిరాక చెబుదామని.

రెండోసారి పాప బడి కాగితాలు తీసుకున్న రోజు, ఆటోలో. చూద్దాం అన్నాను. అప్పటికి ఒక ప్రెస్ నుంచి జవాబొచ్చింది, వచ్చి కలవమని. అది కుదిరాక చెబుదామని.

మూడోసారి సామాను లారీకెక్కించాక. ఇంట్లో నా మంచం, నా బల్ల, రెండు గిన్నెలు మిగిలాయి. గుమ్మంలో నిలబడి అడిగింది. “ఎప్పుడొస్తారు?” అంది. వస్తారా అని కాదు, ఎప్పుడు అని. నేను మా నాన్న కొడుకుని. చూద్దాం అన్నాను. ఆమె లారీ వైపు తిరిగింది.

ఆ తర్వాత మళ్లీ అడగలేదు. నాలుగోసారి అడుగుతుందని చూశాను. వారం, నెల. వెళ్లిన మనిషి ఒక్కసారైనా రమ్మనదేం, నా అవసరం తీరిపోయిందా అని నాకు కోపమొచ్చింది. అలిగాను. ప్రెస్‌వాడు రెండుసార్లు ఫోన్ చేస్తే ఇప్పుడు కుదరదని చెప్పేశాను. ఆమె నేను రానన్నాననుకుంది. నేను ఆమె పిలవలేదనుకున్నాను. రెండేళ్లు! ఇద్దరికీ పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట, ఒకే స్పెల్లింగు.

ప్రపంచంలో ఉన్న షరతులన్నీ చదువుతాను. మందు ఎవరు వాడకూడదో, ఎంత వేసుకుంటే మనిషి పోతాడో నాకు తెలుసు. ఇది చదవలేదు.

తప్పు ఆ మాటది మాత్రమే అని రాసుకుంటే హాయిగా ఉంటుంది. కానీ నేను ఉత్తరాలు రాశానని ఒక్క ముక్క చెప్పి ఉంటే? చెప్పలేదు. నాన్నలా పెద్దరికం చూపిద్దామనుకున్నాను. నాన్నకి మేం పిల్లలం. ఈమె నాకు పిల్ల కాదు కదా.

మే 10

ఓనర్‌ని సెలవడిగాను. వారం. ఆయన ఆశ్చర్యంగా చూసి ఇచ్చాడు. బస్సు టిక్కెట్టు మెషిన్ మాస్టారే తెచ్చిచ్చాడు.

మే 11, ఆదివారం

వాళ్ల ఊరు. హోటల్లో, కిటికీ దగ్గర. సాయంత్రం ఆరు.

పదకొండింటికి ఫోన్ చేయలేదు, ఒంటిగంటకి తలుపు కొట్టాను. పాప ఈత నేర్చుకోవడానికి వెళ్లిందట. ఊళ్లోనే కొలనుందట, ఏడాదిగా వెళ్తోందట. నాకు తెలియదు. ఆమె చేతికి సబ్బు నురుగు ఉంది. “ఏమైంది? ఒంట్లో బాగాలేదా?” అంది.

నేను గుమ్మంలోనే చెప్పేశాను. లోపలికెళ్లి కూర్చుంటే మళ్లీ నీళ్లు నములుతానని భయం. ఉత్తరాల సంగతి, ప్రెస్‌వాడి సంగతి, మా నాన్న మాట సంగతి, అలక సంగతి. చివర, “నేను వచ్చేస్తాను. ఇక్కడికి. అప్పుడు కూడా వచ్చేద్దామనే అన్నాను,” అన్నాను.

ఆమె నురుగు చెయ్యి గాల్లోనే పెట్టుకుని నిలబడింది.

“ఉత్తరాలు రాశారా?” అంది.

“రెండు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“కుదిరాక చెబుదామని.”

“నేను లారీలో ఏడు గంటలు ఏడ్చాను. డ్రైవరు పాటలు ఆపేశాడు,” అంది. గొంతు పెంచలేదు. “పాప, నాన్న ఎప్పుడొస్తాడు అంటే ఏడాదిపాటు ఏదో ఒకటి చెప్పాను. తర్వాత అది అడగడం మానేసింది. హాల్లో కిటికీ కింద మీ బల్లకి చోటు ఉంచాను, తెలుసా? ఖాళీగా. చుట్టాలొచ్చి ఇక్కడేం పెట్టలేదేం అనేవాళ్లు. పోయినేడాది అక్కడ పాప బల్ల వేశాను. ఇప్పుడు మీరొచ్చి అప్పుడే వచ్చేద్దామనుకున్నా అంటే, నేనేం చెయ్యాలి? సంతోషపడాలా?”

సంచీ ఇంకా నా చేతిలోనే ఉంది.

“ఇవాళ ఇంట్లో ఉండకండి,” అంది. “నన్ను కాస్త వదిలెయ్యండి. బస్టాపు ఎదురుగా హోటలుందిగా.”

వచ్చాను. ఎన్ని రోజులు అని రిసెప్షన్‌లో అడిగితే నాలుగు అన్నాను. ఎంతమంది అంటే ఒక్కణ్నే అన్నాను. కార్డు గీశాక మెసేజొచ్చింది, టార్గెట్ పూర్తయింది, అభినందనలు అని. తుడిచేశాను.

ఆరో అంతస్తు కాదు, రెండోది. మంచం మీద రెండు దిళ్లు. నేను కుర్చీలో కూర్చున్నాను.

మే 12

పొద్దున తొమ్మిదికే బయటపడ్డాను. రెండేళ్ల కిందట రమ్మన్న ప్రెస్ మూతపడింది. రెండోదాంట్లో మనుషులు అక్కర్లేదు. మూడోది అట్టపెట్టెల మీద అచ్చువేసేది. అక్కడొక పెద్దాయన నా చేతికి సబ్బు పెట్టె ప్రూఫ్ ఇచ్చి తప్పులు పట్టమన్నాడు. ఏడు పట్టాను. వాళ్లకి తెలిసినవి నాలుగు. ఇప్పుడు నాకొచ్చే జీతంలో మూడో వంతు కోత. వస్తానన్నాను. “ఆలోచించుకుని చెప్పండి,” అన్నాడు. ఆలోచించనక్కర్లేదు, వస్తాను అన్నాను.

ఆమెకు మెసేజ్ పెట్టాను. ‘ఉద్యోగం దొరికింది. వస్తున్నాను.’ చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు.

మే 13

జవాబు లేదు.

సాయంత్రం పాప వచ్చింది, ఈత సంచీ భుజాన వేసుకుని. అమ్మకి చెప్పే వచ్చిందట. హోటల్ కొలనులో ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవైసార్లు వెళ్లొచ్చింది. గట్టున కూర్చుని చూశాను. నీళ్లలోంచి తల బయటపెట్టి, “నాన్నా, నువ్వు నిజంగా వచ్చేస్తున్నావా?” అంది.

“వచ్చేస్తున్నాను.”

“అమ్మ నిన్న రెండుసార్లు ఏడ్చింది. వంట మాడ్చింది,” అంది. మళ్లీ మునిగింది.

పేరు పెట్టి పిలిచాను ఇవాళ. పలికింది.

మే 14

కిటికీలోంచి బస్టాపు కనిపిస్తుంది. ఎనిమిది గంటల బస్సులో ఆమె ఆసుపత్రికి వెళ్తుంది. ఇవాళ చూశాను. లేత ఆకుపచ్చ చీర. బస్సెక్కే ముందు తలెత్తి హోటల్ వైపు చూసింది. ఏ కిటికీయో ఆమెకు తెలియదు. నేను చెయ్యి ఊపాను.

ఇన్నాళ్లూ ఈ గది కోసమే కదా ఆశపడ్డాను. ఇప్పుడు ఇందులో ఉన్నాను. ఆమె అక్కడ రోడ్డు మీద ఉంది. ఒక్కసారి కిందికి పరిగెత్తుదామనుకున్నాను. నన్ను కాస్త వదిలెయ్యండి అన్న మాట గుర్తొచ్చి ఆగాను.

మే 15

గది ఖాళీ చేసే రోజు. ఏడున్నరకి రిసెప్షన్ నుంచి ఫోన్, మీ కోసం ఎవరో వచ్చారని. బనీను మీద చొక్కా వేసుకుంటూనే దిగాను.

ముందుగదిలో సోఫా చివర కూర్చుని ఉంది, ఆసుపత్రి సంచీ ఒళ్లో పెట్టుకుని. ఎదురుగా కూర్చున్నాను. ఎనిమిది గంటల బస్సు అందుకోవాలంది. అయినా నేల మీద గళ్లు చూస్తూ కూర్చుంది.

“ఇంట్లోకి ఇప్పుడే వద్దండీ,” అంది. “నా వల్ల కాదు. పాప బల్ల తియ్యను. మిమ్మల్ని చూస్తే కోపమొస్తోంది, చూడకపోతే ఏడుపొస్తోంది. కొన్నాళ్లు పడుతుంది.”

“సరే,” అన్నాను. ఇంకేం అంటాను?

“మా వీధి చివర మేడ మీద గది ఖాళీ ఉంది. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లి చూశాను. చిన్నదే. నల్లా ఉంది, వేరే మెట్లున్నాయి. తూర్పు కిటికీ, పొద్దుటిపూట వెలుతురు బాగా వస్తుంది. మీరు చదువుకోడానికి...” అని ఆగి, ముక్కు ఎగబీల్చింది. “ఓనరావిడకి అడ్వాన్స్ ఇచ్చేశాను.”

“ఇచ్చేశావా?”

“ఇచ్చేశాను. మీ పేరు మీదే. రోజూ రాత్రి భోజనానికి రండి. తిని వెళ్లిపోవాలి. తర్వాత సంగతి తర్వాత.” అప్పుడు తలెత్తి సూటిగా చూసింది. “ఎప్పుడొస్తారు?”

“జూన్ ఒకటి,” అన్నాను. “ఆదివారం. పొద్దుట బస్సు. ఒంటిగంటకి దిగుతాను.”

సంచీలోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకుంది. తారీకు, టైము. కాగితం లేక కాదు, సంచీలో చీటీల పుస్తకం కనిపిస్తూనే ఉంది.

“ఆ రోజు నాకు శిబిరముంది. తాళంచెవి పాప దగ్గర ఉంటుంది,” అంది.

నాకు ఏడుపొచ్చింది. ముందుగదిలో, పెట్టెలు లాక్కుంటూ పోయేవాళ్లందరి ముందూ, నలభై ఆరేళ్లవాణ్ని, కొత్త పళ్లు రెండూ బయటపెట్టి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లేచి వెళ్లనూ లేదు. గాజు తలుపులోంచి ఎనిమిది గంటల బస్సు వచ్చి ఆగడం, కదిలిపోవడం ఇద్దరం చూశాం.

ఎనిమిదిన్నర బస్సులో వెళ్లింది.